పన్ను మన వీధిది, తాళంచెవి ఎవరిది?

(విశాఖపట్నంలో కాలనీ సంఘాలు, వర్తక సంఘాలవాళ్ళు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక విశ్రాంత పట్టణ ప్రణాళికా అధికారి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? ఆ ఫ్యాను చప్పుడు ఎక్కువగా ఉంది, కానీ ఆపమంటే మీరు నన్ను ఆపేస్తారు. సరే, గట్టిగానే మాట్లాడతాను.

నాకిచ్చిన అంశం కాస్త పొడిగా ఉంటుంది. ఊళ్ళో ఒక ప్రాంతం చుట్టూ గీత గీస్తాం. ఆ గీత లోపల ఉన్నవాళ్ళు మామూలు పన్నుకి తోడు ఇంకొంత కడతారు. ఆ ఇంకొంత మాత్రం ఆ గీత దాటి బయటికి పోదు. అక్కడి రోడ్డుకో, కాలువకో, దీపాలకో, ఫుట్‌పాత్‌కో మాత్రమే ఖర్చవుతుంది. దాన్ని చూసుకోవడానికి అక్కడివాళ్ళతోనే ఒక చిన్న బోర్డు ఉంటుంది. అమెరికాలో, కెనడాలో, ఇంగ్లండులో దీనికి రకరకాల పేర్లున్నాయి. మనం ప్రత్యేక మెరుగుదల ప్రాంతం అందాం.

"ఇంకొంత" అనగానే ముందు వరసలో ఇద్దరు చేతులు కట్టుకున్నారు. చూశాను. నేను మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. 2021లో ఆస్తిపన్నుని అద్దె విలువ లెక్క నుంచి మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు, లెక్కకి మార్చారు. అదే ఏడాది ఇంటింటి చెత్త మీద యూజర్ ఛార్జీ వేశారు. దానికి జనం చెత్త పన్ను అని పేరు పెట్టారు, పేరు పెట్టాక అది బతకదు కదా. 2024లో ప్రభుత్వం మారింది, అది పోయింది. ఇప్పుడు నేనొచ్చి ఇంకో వసూలు గురించి మాట్లాడితే మీకు టెన్షన్ రావడం సహజమే.

కానీ ఒక్క మాట అడుగుతాను. మీలో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళెంతమంది? చాలామందే ఉన్నారు. నెలకి మెయింటెనెన్స్ ఎంత కడుతున్నారు? చెప్పక్కర్లేదు, ముఖాల్లో తెలుస్తోంది. చెత్త పన్నుకి ఎన్నో రెట్లు. అయినా కడుతున్నారు. సణుక్కుంటూ అయినా కడుతున్నారు. ఎందుకు? లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు మీద లెక్క అంటించి ఉంటుంది. వాచ్‌మన్ జీతం ఇంత, మోటారు రిపేరు ఇంత, మూడో అంతస్తు ఫలానా ఫ్లాటు బాకీ ఇంత. నచ్చకపోతే ఆదివారం మీటింగులో సెక్రటరీని నిలదీస్తారు. వచ్చే ఏడాది మార్చేస్తారు. అదీ తేడా. కార్పొరేషన్‌కి కట్టిన రూపాయి ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. అలాగని అది దుర్వినియోగం అయిందనీ నేననడం లేదు. పెద్ద చెరువులో పోసిన నీళ్ళలో మన బిందె ఏదో చెప్పలేం, అంతే.

కాబట్టి ఈ రోజు నేను చెప్పదలుచుకున్నది ఎంత వసూలు చేయాలి అన్న సంగతి కాదు. డబ్బాకి తాళం వేశాక, తాళంచెవి ఎవరి దగ్గరుంటుంది? ఈ పద్ధతి బాగుపడినా, పాడైనా అక్కడే.

ఇదేదో విదేశీ వింత అనుకోకండి. మన దగ్గర కుడిమరామత్తు అని ఉండేది. చెరువు కింద, కాలువ కింద భూమి ఉన్న రైతులు కలిసి పూడిక తియ్యాలి, గట్టు వేసుకోవాలి. ఆ కాలువ నీళ్ళు ఎవరి పొలానికి పారితే వాళ్ళే రావాలి. పక్క ఊరివాడిని ఎవరూ పిలవరు. 1858లో మద్రాసు ప్రభుత్వం గండ్లు పడినప్పుడు రైతులు తప్పనిసరిగా పనికి రావాలని చట్టమే చేసింది. చట్టం చేయాల్సి వచ్చిందంటేనే ఆచారం సడలుతోందని అర్థం. శిస్తంతా సర్కారు పట్టుకుపోతుంటే గట్టు పని మాత్రం మేమెందుకు చెయ్యాలి అని రైతు అనుకుంటే తప్పేముంది? ఈ పాయింటు గుర్తుంచుకోండి, ఇంగ్లండు దగ్గరికి వెళ్ళినప్పుడు పనికొస్తుంది. రాయలసీమలో దశబంధం ఇనాములుండేవి. చెరువు బాగు చూసే మనిషికి ఆ చెరువు కింద భూమిలోనో, శిస్తులోనో వాటా. దశబంధం ఊరికే ఇచ్చిన బహుమతి కాదు, పనికి కట్టిన ఆదాయం.

ఇక మన కళ్ళముందు జరిగినదే ఒకటి. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల నీటిపారుదల నిర్వహణ చట్టం వచ్చింది. మన నీటి సంఘాలు. ఇక్కడ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్ళకి బాగా గుర్తుంటుంది. ఒక్క దెబ్బకి పదివేలకు పైగా సంఘాలకి ఎన్నికలు పెట్టారు. ఆ రోజుల్లోనే రైతు కట్టే నీటి తీరువా దాదాపు మూడింతలు చేశారు. గొడవ జరగాలి కదా? అనుకున్నంత జరగలేదు. ఆ డబ్బులో కొంత మన కాలువకే వస్తుందన్నారు, సంఘం మనదే అన్నారు. మొదటి రెండు మూడేళ్ళు చాలాచోట్ల కాలువల చివరి భూములకి కూడా నీళ్ళు వెళ్ళాయి. తరవాత? తీరువా వసూలు చేసేది రెవెన్యూ శాఖ. వాటా సంఘానికి చేరాలంటే ఫైలు తిరగాలి. ఎన్నికలు వాయిదా, మళ్ళీ వాయిదా. చివరికి 2024 డిసెంబరులో మళ్ళీ ఎన్నికలు పెట్టారు. చూశారా? గీత సరిగ్గానే గీశారు. ఓటు కూడా ఇచ్చారు. తాళంచెవి మాత్రం తాసిల్దారాఫీసులోనే ఉండిపోయింది.

ఇప్పుడు టొరంటో వెళ్దాం. వీసా అక్కర్లేదు. అక్కడ బ్లూర్ వెస్ట్ విలేజ్ అనే బజారుంది. పేరులో విలేజ్ ఉన్నా నగరం మధ్యలో ఉన్న బజారే. 1960ల్లో రోడ్డు మీద ట్రాములో వచ్చే జనం దిగి షాపుల ముందు నుంచే నడిచేవాళ్ళు. 1968లో భూగర్భ రైలుని ఆ వైపు పొడిగించారు. జనం నేల కింద నుంచి వెళ్ళిపోవడం మొదలెట్టారు. అటు పక్క కొత్త మాల్స్. బజారు చప్పబడిపోయింది. షాపులవాళ్ళు సంఘం పెట్టుకుని చందాలేసుకున్నారు. ఏమైంది? ఇక్కడున్న వర్తక సంఘాలవాళ్ళు చెప్పండి, ఏమవుతుంది? సగం మంది కడతారు, మిగతా సగం "మీరు దీపాలు పెడితే వెలుగు మా షాపు మీద కూడా పడుతుంది కదా" అని ఊరుకుంటారు. దసరాకి సీరియల్ లైట్ల చందా దగ్గర మన బజార్లలో జరిగేది అదే.

అప్పుడు వాళ్ళు ప్రభుత్వాన్ని అడిగినది గమనించండి. డబ్బివ్వమని అడగలేదు. "మెజారిటీ ఒప్పుకుంటే అందరి దగ్గరా తప్పనిసరిగా వసూలయ్యేలా చట్టం చెయ్యండి" అన్నారు. చట్టం వచ్చింది. 1970లో ఆ బజారు ప్రపంచంలోనే మొదటి వ్యాపార మెరుగుదల ప్రాంతమైంది. ఏం కొన్నారు? వీధి దీపాలు, బెంచీలు, పూలతొట్లు. అంతే. ఫ్లైఓవర్ కట్టలేదు. ఇప్పుడు ఆ పద్ధతి అమెరికాలో, దక్షిణాఫ్రికాలో, ఇంగ్లండులో వందల చోట్ల ఉంది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ గురించి వినని వాళ్ళుండరు, అక్కడ 1992 నుంచి ఇలాంటి సంస్థే చెత్త ఎత్తుతోంది.

ఇంగ్లండు దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే తాళంచెవి విషయంలో వాళ్ళు బుర్ర పెట్టారు. అక్కడ 2004లో నియమాలొచ్చాయి. ఓటింగులో రెండు పరీక్షలు నెగ్గాలి. ఓటు వేసిన షాపుల సంఖ్యలో మెజారిటీ రావాలి, వాళ్ళ ఆస్తుల పన్ను విలువలో కూడా మెజారిటీ రావాలి. రెండూ. అంటే పెద్ద షోరూములు నాలుగు కలిసి చిన్న కొట్లవాళ్ళ మీద రుద్దలేవు. చిన్న కొట్లన్నీ కలిసి నాలుగు షోరూముల జేబు కొట్టలేవు. రెండో సంగతి, అయిదేళ్ళే. అయిదేళ్ళయ్యాక మళ్ళీ ఓటు. ఓడిపోతే మూసెయ్యాలి. కొన్నిచోట్ల ఓడిపోయారు, మూసేశారు కూడా. మన దగ్గర తాత్కాలికంగా పెట్టిన ఏ సెస్సు అయినా పోవడం ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు.

మూడోది అన్నిటికంటే గొప్పది. నగరపాలక సంస్థ ఆ ప్రాంతంలో ఇప్పటికే ఏం చేస్తోందో ముందే కాగితం మీద రాయిస్తారు. రోజుకి ఎన్నిసార్లు ఊడుస్తారు, ఎన్ని దీపాలు, ఎంతమంది మనుషులు. కొత్త డబ్బు దాని పైన అదనంగా ఉండాలి, దాని బదులు కాదు. కుడిమరామత్తు రైతు అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు. ఇది రాయించుకోకపోతే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మన బజారు బోర్డు నలుగురు ఊడ్చేవాళ్ళని పెట్టుకోగానే కార్పొరేషన్ శానిటరీ ఇన్‌స్పెక్టర్ తన నలుగురిని ఇంకో వార్డుకి పంపేస్తాడు. ఆయన చెడ్డవాడని కాదు, ఆయన దగ్గర మనుషులు తక్కువ. మనం మాత్రం రెండుసార్లు కట్టినట్టే.

*గెడ్డకి వార్డు సరిహద్దు తెలియదు*

బజారుకి గీత గియ్యడం తేలిక. మన ఊళ్ళో అసలు తలనొప్పి గెడ్డలు, అంటే కొండ నీళ్ళు దిగే వాగులు. విశాఖ భౌగోళికంగా ఎలా ఉంటుంది? ఉత్తరాన కైలాస కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో గిన్నెలాగా ఊరు. కొండ మీద గంట వాన పడితే నీళ్ళన్నీ గెడ్డల్లో కిందికి ఉరుకుతాయి. ఎర్రిగెడ్డ సంగతి జ్ఞానాపురం వాళ్ళనడగండి. పైన కొండవాలు మీద ఇల్లు కట్టి కాంక్రీటు వేసినవాడు హాయిగా ఉంటాడు. నీళ్ళు కింద ఉన్నవాడి ఇంట్లోకి వస్తాయి. ఇక్కడ మీరు వార్డు హద్దు ప్రకారం గీత గీస్తే ఏం లాభం? వార్డుల హద్దులు ఓటర్ల లెక్కకి గీసినవి. నీళ్ళు పల్లం చూసుకుంటాయి.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డేటన్ అనే ఊరుంది. 1913 మార్చిలో మియామీ నది పొంగింది. ఆ లోయ మొత్తం మీద 360 మందికి పైగా చనిపోయారు. జనం అటకల మీదెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. నీళ్ళు తీసిన రెండు మూడు నెలల్లోనే ఊరివాళ్ళు ఇరవై లక్షల డాలర్లకి పైగా పోగుచేశారు, అప్పటి ఇరవై లక్షలు. 1914లో రాష్ట్రం చట్టం చేసింది, 1915లో మియామీ కన్సర్వెన్సీ డిస్ట్రిక్ట్ ఏర్పడింది. దానికి గీత ఎలా గీశారు? ఊరి హద్దులు చూడలేదు, జిల్లాల హద్దులు చూడలేదు. నది పరివాహక ప్రాంతం చూశారు. 1922కల్లా అయిదు డ్యాములు కట్టారు. మామూలు రోజుల్లో ఖాళీగా ఉంటాయి, వరదొస్తే పట్టుకుని నెమ్మదిగా వదులుతాయి. ఖర్చు ఎవరు పెట్టారు? వరద ముప్పు తప్పిన ఆస్తులే. ఎవరి ఆస్తికి ఎంత మేలు జరిగిందో ఒక్కొక్కటీ లెక్కకట్టి, ఆ నిష్పత్తిలో వేశారు. అందరూ చప్పట్లు కొట్టారా? లేదు. డ్యాములు వచ్చేది పైనున్న రైతుల పొలాల్లో, మేలు జరిగేది కిందున్న పట్నానికి. పై జిల్లాలవాళ్ళు ఏళ్ళ తరబడి పోట్లాడారు. ఇలాంటివి పోట్లాట లేకుండా అవుతాయని ఎవరైనా చెబితే నమ్మకండి.

మనకీ అలాంటి రోజు వచ్చింది. 2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుఫాను. ఆ మధ్యాహ్నం ఈ హాల్లో ఉన్న అందరికీ గుర్తే, నేను వర్ణించను. తరవాత ప్రపంచ బ్యాంకు అప్పుతో కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి. మంచి పని. కానీ ఆ అప్పు రాష్ట్రమంతా తీరుస్తుంది. చిత్తూరు రైతు కూడా తీరుస్తాడు. ఒక విపత్తుకి అది న్యాయమే. ప్రతి వానకీ మాత్రం అలా అడగలేం కదా.

గెడ్డకి ఎలా లెక్కకడతారంటారా? వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్‌వ్యూ నగరం 1974లోనే వాననీటి కోసం వేరే ఛార్జీ పెట్టింది. ఇంటి విలువ కాదు, నీళ్ళు ఇంకని నేల ఎంత ఉందన్నది ముఖ్యం. పెరడంతా సిమెంటు చేస్తే ఎక్కువ, మట్టి వదిలితే తక్కువ. ఇది నాకు నచ్చుతుంది. కింద మునిగేవాడి దగ్గరే వసూలు చెయ్యడం కాదు, పైనుంచి నీళ్ళు తోసేవాడు కూడా కట్టాలి. మన కొండవాలు లేఅవుట్లవాళ్ళకి నచ్చదు. నచ్చకపోవచ్చు.

*మన ఊళ్ళో ఇప్పటికే ఉన్నవి*

ఇంతకీ విశాఖలో ఇలాంటివి లేవా? ఉన్నాయి. పారిశ్రామికవాడల్లో ఏపీఐఐసీకి, అంటే రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థకి, స్థానిక సంస్థ అధికారాలిచ్చారు. అలా ఏర్పడిన వాడ పాలక సంస్థని ఐలా అంటారు. అక్కడి ఆస్తిపన్ను ఐలాయే వసూలు చేస్తుంది. 35 శాతం స్థానిక సంస్థకి పంపిస్తుంది, మిగతా 65 శాతం ఆ వాడలో రోడ్లకి, కాలువలకి, దీపాలకి పెడుతుంది. నిజానికి ఇది మనం మాట్లాడుకుంటున్న పద్ధతికి అచ్చమైన తెలుగు నమూనా. బాగుందా? వాటా పద్ధతి బాగుంది. నగరం చేతికి కొంత వెళ్తుంది, ఎందుకంటే ఆ ఫ్యాక్టరీకి వచ్చే కార్మికుడు నగరం రోడ్డు మీదే వస్తాడు, నగరం ఆసుపత్రికే వెళ్తాడు. కానీ వాడలోనో, వాడ అంచునో ఉన్న ఇళ్ళవాళ్ళకి అందులో ఓటు లేదు. పరిశ్రమలకే మాట. రాజ్యాంగంలోనే 243క్యూ అధికరణం కింద పారిశ్రామిక టౌన్‌షిప్ అనే తలుపు తెరిచి ఉంచారు, అక్కడ అసలు మునిసిపాలిటీయే లేకుండా నడపొచ్చు. ఓటు లేని పాలన అన్నమాట.

రెండోది స్మార్ట్ సిటీ. 2016 జనవరిలో మొదటి విడత ఇరవై నగరాల్లో మన పేరొచ్చింది. ఆర్కే బీచ్ చుట్టూ ఒక ప్రాంతానికి గీత గీశారు. వేరే కంపెనీ పెట్టారు. గీత ఉంది, కంపెనీ ఉంది, మరి ఇది ప్రత్యేక ప్రాంతమే కదా? కాదు. డబ్బు పైనుంచి వచ్చింది, కేంద్రం కొంత, రాష్ట్రం కొంత. పైనుంచి వచ్చిన డబ్బుకి లెక్క కూడా పైకే చెబుతారు. ఇంకో మాట. మన కార్పొరేషన్‌కి 2007లో ఎన్నికలు జరిగాయి, ఆ కౌన్సిల్ గడువు 2012లో అయిపోయింది. మళ్ళీ ఎన్నికలు ఎప్పుడు? 2021లో. తొమ్మిదేళ్ళు. స్మార్ట్ సిటీకి టెండర్లు పిలిచిన సంవత్సరాల్లో ఈ ఊళ్ళో ఒక్క కార్పొరేటర్ లేడు. పార్కు బాగుందా లేదా అని వాదించుకోవచ్చు. అడగడానికి మనిషి లేడు అన్నది మాత్రం వాదన కాదు, చరిత్ర.

ఇప్పుడు చీకటి వైపు చెప్పాలి. చెప్పకపోతే నేను అమ్మకానికి వచ్చినట్టు ఉంటుంది.

కాలిఫోర్నియాలో 1978లో జనం ఓటేసి ఆస్తిపన్నుకి గట్టి పరిమితి పెట్టారు. స్కూళ్ళకి, రోడ్లకి డబ్బు తగ్గిపోయింది. 1982లో మెల్లో-రూస్ చట్టమని తెచ్చారు. కొత్త ప్రాంతాలు ప్రత్యేక పన్ను వేసుకుని, దాని మీద బాండ్లు అమ్ముకోవచ్చు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. చాలా కట్టుదిట్టంగా ఉంది కదా? చిన్న అక్షరాల్లో ఇంకోటుంది. ఆ ప్రాంతంలో పన్నెండు మంది కంటే తక్కువ ఓటర్లుంటే భూమి యజమానులే ఓటేస్తారు, ఎకరానికో ఓటు. ఖాళీ భూమిలో ఓటర్లెవరుంటారు? డెవలపర్ ఒక్కడే ఉంటాడు. తన పన్నుకి తానే ఓటేసుకుంటాడు, ఏకగ్రీవం! రోడ్లు వేస్తాడు, ఇళ్ళు అమ్ముతాడు, వెళ్ళిపోతాడు. ఆ పన్ను మాత్రం ఇల్లు కొన్నవాళ్ళు దశాబ్దాల తరబడి కడుతూ ఉంటారు. కొలరాడోలో కూడా ఇదే గోల. మధురవాడ దాటి ఆనందపురం వైపు లేఅవుట్లు చూస్తున్నారుగా. ఈ చట్టం ఇక్కడ అలాగే వస్తే ఎవరు ముందు దరఖాస్తు పెడతారో మీకే తెలుసు.

ఫ్లోరిడాలో డిస్నీ వాళ్ళకి 1967లో ఏకంగా ఒక ప్రత్యేక ప్రాంతమే రాసిచ్చారు. రోడ్లు, అగ్నిమాపకం, కట్టడాల అనుమతులు అన్నీ వాళ్ళవే. అయిదు దశాబ్దాలు నడిచింది. రాష్ట్ర ప్రభుత్వంతో గొడవొచ్చాక 2023లో పేరు మార్చి, బోర్డుని గవర్నరు నియమించేలా చేశారు. కంపెనీ చేతిలో ఉన్న తాళంచెవి తీసి రాజకీయ నాయకుడి చేతిలో పెట్టారు. రెండూ నాకు నచ్చలేదు.

ఇంకో భయం ఉంది, అది మన మధ్యే ఉంది కాబట్టి మెల్లగా అంటాను. ఎంవీపీ కాలనీ, సిరిపురం, లాసన్స్ బే వాళ్ళు తమ గీత తాము గీసుకుంటే ఏమవుతుంది? వీధులు అద్దాల్లా ఉంటాయి. ఆ తరవాత మల్కాపురం రోడ్డు గురించి, కంచరపాలెం కాలువ గురించి కౌన్సిల్లో గొంతెత్తే పెద్దమనుషులు తగ్గిపోతారు. తమది బాగున్నాక నగరం గురించి అడిగేదెవరు? న్యూయార్క్‌లో 1990ల్లో ఇలాంటి సంస్థల మీద రోడ్డు పక్కన పడుకునేవాళ్ళని తరిమేస్తున్నారన్న ఆరోపణలొచ్చాయి. మన దగ్గర ఎవరిని తరుముతారు? తోపుడుబండివాడిని. బజారు బోర్డు పెట్టగానే మొదటి తీర్మానం అదే అవుతుందని నేను పందెం కడతాను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీలో నలభై శాతం తగ్గకుండా వాళ్ళే ఉండాలి. బోర్డు ఆ కమిటీని దాటి ఏమీ చెయ్యకూడదని చట్టంలోనే రాయాలి. పూర్ణా మార్కెట్ దగ్గర బండ్లు తీసేస్తే ఆ మార్కెట్‌కి వచ్చేదెవరు? షాపులవాళ్ళు కూడా ఒకసారి ఆలోచించండి.

మరి మొదలెట్టేదెక్కడ? నా అభిప్రాయం కాలనీల్లో వద్దు. బజారులో మొదలెట్టాలి. జగదాంబ నుంచి డాబాగార్డెన్స్ దాకానో, కురుపాం మార్కెట్, పూర్ణా మార్కెట్ చుట్టూనో. బజారుకి ఊరంతా వస్తుంది, అందుకని అక్కడ చేసిన మరుగుదొడ్డి, పార్కింగు ఊరందరికీ పనికొస్తాయి. పైగా వర్తకుడికి లెక్క చూడడం వచ్చు. అడిగే అలవాటు ఉంది.

చట్టం సంగతి. కార్పొరేషన్ తీర్మానం చేసి వసూలు మొదలెడితే కోర్టులో నిలబడదు. రాజ్యాంగం 265వ అధికరణం ఒక్క వాక్యమే, చట్టం అధికారం లేకుండా పన్ను వెయ్యకూడదు అని. ఫీజు అందామా? 1954లో షిరూర్ మఠం కేసులో సుప్రీంకోర్టు పన్నుకీ ఫీజుకీ తేడా చెప్పింది. ఫీజంటే దానికి బదులుగా కట్టినవాళ్ళకి సేవ అందాలి, ఆ డబ్బు ప్రత్యేకంగా ఉండాలి, ఖజానాలో కలిసిపోకూడదు. మనకి కావలసింది అదే కాబట్టి ఫీజు దారి మేలు. కానీ దానికి కూడా అసెంబ్లీలో చట్ట సవరణ తప్పదు. ఆ సవరణలో వేరే బ్యాంకు ఖాతా ఉండాలి, అయిదేళ్ళ గడువుండాలి, కార్పొరేషన్ ప్రస్తుత సేవల జాబితా ఉండాలి, ఐలా లాగా నగరానికో వాటా ఉండాలి. ఆ వాటాని పేద వార్డుల కాలువలకి కేటాయించమని నేనడుగుతాను. మీరు ఒప్పుకోకపోవచ్చు.

అప్పు? 2018లో మన కార్పొరేషన్ 80 కోట్ల బాండ్లు అమ్మింది, అప్పు తెచ్చుకునే శక్తి ఊరికి ఉంది. బజారు బోర్డుకి మాత్రం మొదటి అయిదేళ్ళలో అప్పు అధికారం ఇవ్వకండి. అప్పు ఉంటే గడువు తీరదు, గడువు తీరకపోతే ఓటుకి విలువ లేదు.

ఆయనెవరో ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నారు. అడగండి మాస్టారూ. మైకు ఇవ్వండి బాబూ ఆయనకి. (డాబాగార్డెన్స్‌లో షాపు నడుపుతున్న ఒకరు అడిగిన ప్రశ్న: మా బిల్డింగు ఓనరు అమెరికాలో ఉంటాడు. ఓటు ఆయనకి, ఖర్చు నాకు అవుతుంది కదా?)

మంచి ప్రశ్న. ఇందాక చెప్పాల్సింది. అమెరికాలో చాలాచోట్ల ఆస్తి యజమానికే బిల్లు, ఆస్తి మీదే బాకీ. కాగితం మీద బాగుంటుంది, చివరికి అద్దెలో కలిసి మీ దగ్గరికే వస్తుంది. ఇంగ్లండులో అందుకే షాపు నడిపేవాడి దగ్గరే వసూలు చేస్తారు, ఓటు కూడా అతనికే ఇస్తారు. నేనైతే ఆ పద్ధతి వైపే. బిల్లు ఎవరి పేరు మీద వస్తే ఓటు వాళ్ళది. ఓనరు గారు అమెరికా నుంచి ఓటెయ్యాలనుకుంటే బిల్లు కూడా డాలర్లలో ఆయనే కట్టుకోమనండి, అద్దెలో వెయ్యకూడదని ఒప్పందంలో రాసి.

కానీ ఒక చిక్కుంది. మన బజార్లలో చాలా అద్దెలకి సరైన ఒప్పందమే ఉండదు. పదకొండు నెలల కాగితం, లేదా నోటిమాట. ఓటర్ల జాబితా తయారుచెయ్యాలంటే ఎవరు నడుపుతున్నారో ముందు తేలాలి. అందుకని వచ్చే సమావేశానికి ఒక పని చేసి రండి. ప్రతి వర్తక సంఘం తన వీధిలో ఎన్ని షాపులు సొంతానివి, ఎన్ని అద్దెవి, ఎన్ని మూసి ఉన్నాయి, ముందు ఎన్ని బండ్లున్నాయి, ఇవన్నీ కాగితం మీద రాసుకు రండి. జగదాంబ వాళ్ళు రెండు వైపులా రాయండి, సినిమా హాలు వైపు మాత్రమే రాసి తేవద్దు. ఆ కాగితాలు బల్ల మీద పెట్టుకుని గీత ఎక్కడ గియ్యాలో అప్పుడు పోట్లాడుకుందాం.